పెట్టె మీద రాసిన వెల

నేను ఖతార్‌లోని దుఖాన్ నుంచి మాట్లాడుతున్నాను. దోహా నుంచి పడమరగా సుమారు 80 కిలోమీటర్లు వస్తే సముద్రం ఒడ్డున ఉంటుంది మా ఊరు. అరబ్బీలో దుఖాన్ అంటే పొగ. ఈ దేశంలో చమురు మొదట పడింది ఇక్కడే, 1939-40 ప్రాంతంలో. మధ్యలో యుద్ధం రావడంతో ఆ చమురు ఓడ ఎక్కేసరికి 1949 అయింది. నాది మాత్రం చమురు ఉద్యోగం కాదు, కంప్యూటర్ల ఉద్యోగం. కంపెనీలకు సలహాలు చెబుతుంటాను. అలాంటి నేను ఒక అట్టపెట్టె విషయంలో పదిమందినీ సలహా అడగాల్సి వచ్చిన కథ ఇవాళ చెబుతాను.

సంక్రాంతికి మా పిల్లలు ఆరుగురు కూచిపూడి నాట్యం చేయాలనుకున్నారు. బట్టలు, వడ్డాణాలు, వంకీలు, పాపిడిబిళ్ళలు అన్నీ కలిపి కృష్ణా జిల్లా వైపు ఒక దుకాణంలో ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాం. అందరి తరఫునా కార్డు గీకింది నేను. సరుకు 84,000 రూపాయలు, రవాణా 12,000. లెక్క సులువుగా ఉండడానికి రియాల్‌కు 24 రూపాయలు అనుకుంటే మొత్తం 4,000 రియాళ్ళు.

గల్ఫ్ దేశాలు ఆరూ కలిసి 2003 జనవరి 1 నుంచి ఒకే కస్టమ్స్ కూటమిగా ఉంటున్నాయి. చాలా సరుకుల మీద సుంకం నూటికి అయిదు. ఆ అయిదూ సరుకు వెల మీదే కాదు, రవాణా, బీమా కూడా కలిపిన మొత్తం మీద వేస్తారు. "నేను కొన్నది ఇంతే కదా, ఎక్కువ వేశారేమిటి?" అని చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ లెక్కన మేము కట్టాల్సింది 200 రియాళ్ళు. తల ఒక్కింటికి 33. దానికి ఎవరూ బాధపడేవాళ్ళం కాదు.

కార్యక్రమం ఇంకా తొమ్మిది రోజులుందనగా కొరియర్ వాళ్ళ సందేశం వచ్చింది. పెట్టె మీద రాసిన విలువను ఒప్పుకోలేదు, విలువ 9,000 రియాళ్ళుగా కట్టారు, సుంకం 450, అభ్యంతరం ఉంటే కాగితాలు చూపండి అని. నాకు చర్రున కోపం వచ్చింది. దుకాణదారుకి ఫోన్ చేసి అడిగాను.

"ఏం రాశారండీ పెట్టె మీద?"

"మీకు ఖర్చు తగ్గుద్దని పాత బట్టలు, గిఫ్టు, రెండు వేలు అని రాశానన్నా. అందరికీ అట్టాగే రాస్తాం."

అంటే 84,000 సరుకుకి 2,000! పెట్టె విప్పి చూస్తే ఆరుగురి పట్టుబట్టలు, ధగధగలాడే నగలు. ఎవరు నమ్ముతారు? రాసిన వెల అబద్ధమని తేలాక, వాళ్ళకి తోచిన పద్ధతిలో లెక్క కట్టారు. వాళ్ళ తప్పేముంది?

ఆ సాయంత్రం మా ఇంట్లో తల్లిదండ్రులందరం కూర్చున్నాం. ఒకాయన, "పోనీ బాబూ, ఎక్కువయింది 250 రియాళ్ళే కదా, కట్టేసి తెచ్చుకుందాం" అన్నారు. ఇంకొకాయన దుకాణదారుకి ఫోన్ కలిపితే, "ఎంతకి కావాలంటే అంతకి కొత్త బిల్లు పంపిస్తానన్నా, ముప్పై వేలకి రాయమంటారా?" అన్నాడాయన. కొందరికి అది బాగానే నచ్చింది. మా ఆవిడ లోపలి నుంచి వచ్చి ఒకే మాట అంది. "పెట్టె మీద ఉన్నది ఈయన పేరండీ. రెసిడెన్స్ పర్మిట్ కూడా ఈయనదే."

దాంతో అందరం తగ్గాం. సుంకం ఎగ్గొట్టడానికి తప్పుడు ఇన్వాయిస్ ఇవ్వడం గల్ఫ్ ఉమ్మడి కస్టమ్స్ చట్టంలో దొంగరవాణా కిందికి వస్తుంది. మొదటి అబద్ధం దుకాణదారుది. రెండో కాగితం నేను ఇస్తే ఆ అబద్ధం నాది. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకునేవాడికి 250 రియాళ్ళ కోసం ఇంత పని అవసరమా?

అప్పుడు కూర్చుని నియమాలు చదివాను. ప్రపంచ వాణిజ్య సంస్థకు కస్టమ్స్ విలువ మీద ఒక ఒప్పందం ఉంది. భారతదేశం 1995లో, ఖతార్ 1996లో ఆ సంస్థలో చేరాయి. ఆ ఒప్పందం ప్రకారం విలువ అంటే మొదట, కొన్నవాడు నిజంగా చెల్లించిన ధర. కేటలాగు ధర కాదు, డిస్కౌంటుకు ముందు ధర కాదు. అధికారికి అనుమానం వస్తే వివరణ అడగవచ్చు, మనకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మన ధర నిలబడకపోతే అచ్చంగా అలాంటి సరుకు ధర, తరువాత పోలిన సరుకు ధర, ఇలా వరుసగా వేరే పద్ధతులకు వెళతారు. మొత్తం ఆరు మెట్లు. అంటే చెల్లించిన ధర రుజువు చేయగలిగితే మొదటి మెట్టు మీదే ఆగవచ్చు.

మర్నాడు నేను ఇచ్చిన కాగితాలు ఇవి. ఆర్డరు ఖరారైన ఈమెయిలు. నా ఖాతాలో ఎన్ని రియాళ్ళు తగ్గాయో చూపే బ్యాంకు స్టేట్‌మెంటు. రవాణా రసీదు. బట్టలు వేరు, నగలు వేరుగా ఒక్కొక్క వస్తువు ధర రాసిన అసలు ఇన్వాయిస్. పెట్టె మీద వెల తాను తప్పు రాశానని దుకాణదారు సంతకం చేసిన ఉత్తరం. ఈ ఆఖరిది రాయించడానికి రెండు గంటలు బతిమాలాను.

నగల విషయంలో ఇంకో చిక్కుంది. సరుకులకు ప్రపంచమంతటా వాడే కోడ్‌లలో వెండి బంగారు నగలు 7113 కింద, గిల్టు నగలు 7117 కింద వస్తాయి. మా పెట్టె మీద నగల మాటే లేదు. వడ్డాణం మెరుపు చూసి ఎవరైనా వెండి మీద బంగారు పూత అనుకోవచ్చు. అందుకని "ఇవి గిల్టువి, నాట్యానికి" అని ఫోటోలతో సహా పెట్టాను.

వీటన్నిటి పైన అరపేజీ ఉత్తరం. మొదటి వాక్యమే, "పెట్టె మీద రాసిన విలువ తప్పు, అది అసలుకన్నా తక్కువ" అని. ఆ వాక్యం టైపు చేసి, పంపడానికి చాలాసేపు జంకాను. మన తప్పు మనమే ఒప్పుకుంటే జరిమానా వేస్తే? కానీ అది లేకుండా మిగతా కాగితాలకు అర్థం లేదు.

నాలుగో పనిదినాన జవాబు వచ్చింది. విలువ 4,000, సుంకం 200. కొరియర్ వాళ్ళ సేవా రుసుము మాత్రం వెనక్కి రాలేదు. పిల్లలు గజ్జె కట్టారు, బాగా ఆడారు. ముందే కట్టేద్దామన్న పెద్దాయన ఇప్పటికీ నవ్వుతారు. "250 మిగిల్చావు సరే, దోహాకి రెండుసార్లు తిరిగావు, 320 కిలోమీటర్ల పెట్రోలు లెక్క వేశావా?" అని. వేశాను. అయినా నష్టమనిపించలేదు. ఆ 450 కట్టేసి ఊరుకుంటే నా పేరు మీద 2,000 రూపాయల అబద్ధం అలాగే ఉండిపోయేది.

ఇది ఒక్క గల్ఫ్ సంగతే కాదు. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. విదేశాల నుంచి భారతదేశానికి గిఫ్టు పేరుతో సుంకం లేకుండా పార్సిళ్ళు పంపే వెసులుబాటు 2019 డిసెంబరులో, రాఖీలకూ ప్రాణరక్షక మందులకూ తప్ప, పోయింది. కాబట్టి అమ్మ పంపే పెట్టె మీదైనా వెల సరిగ్గా ఉండాలి. ఇంకో మాట. పెట్టె దారిలో పోతే చాలా కొరియర్లు ఇచ్చే పరిహారం మనం రాసిన వెలకు మించదు. మా బట్టలే పోయి ఉంటే చేతికి వచ్చేది రెండు వేలు!

డబ్బు చెల్లించే ముందే దుకాణదారుకి ఒక్క ముక్క రాయండి. "మాకు సాయం చేయకండి బాబూ, చెల్లించిన ధరే రాయండి" అని. ఆ బిల్లు ప్రతి ఒకటి పెట్టెలో, ఒకటి మీ దగ్గర ఉండేలా చూసుకోండి.