ఫిలిము కడుగుటలో దోషములు - వాని నిదానము



నలుపు తెలుపు ఫిలిమును ఇంటియందే కడుగుకొనువారు నేడు అరుదు. ఉదకమండలమున 1960లో ఏర్పడిన ప్రభుత్వ ఫిలిము సంస్థయును మూతపడినది. అయినను విదేశపు ఫిలిమును కొని, నల్లని సంచిలో చేతులు దూర్చి చెమటలు కార్చు యువకులు కొందరిని ఆదోని, ఎమ్మిగనూరులలో నేనెరుగుదును. నేను తెలుగు పండితుడను. రసాయనశాస్త్రము నా విద్య కాదు. ముప్పదియేండ్లు ఫిలిములు కడిగి, కొన్నింటిని చెడగొట్టి నేర్చుకొన్నదే నాకుగల యోగ్యత. రేడియోలో నెగటివును ఎత్తి చూపుటకు వీలులేదు గావున మాటలతోనే చూప యత్నించెదను.

మొదట నా తప్పొకటి చెప్పుకొందును. నాయొద్ద చదువుకొన్న ఎమ్మిగనూరి నేతవారి పిల్లవాడొకడు నా మడత కెమెరాను అడిగి తీసికొనిపోయి, గుంటమగ్గమున కూర్చున్న తన తాతగారిని 12 బొమ్మలు తీసి తెచ్చెను. నేను ఫిలిమును కడిగి చూడగా బొమ్మలన్నియు నీడలవలె పలుచగా నుండెను. “ఆ గదిలో వెలుతురు చాలదని ఎన్నిమారులు చెప్పితిని నాయనా!” అని గద్దించితిని. “మీరు చెప్పినట్లే చేసినాను అయ్యవారూ” అని వాడు తల వంచుకొని పోయెను. మరల తీయుదమనుకొనుచుండగనే వర్షాకాలము వచ్చెను, తాతగారు గతించిరి. ఆయనకు వేరొక ఛాయాచిత్రము లేదు.

నిదానము తెలియక చికిత్సకు పూనుకొనరాదని వైద్యులందురు. నేను నిదానము తెలియకయే దండనకు పూనుకొంటిని.

ఫిలిము అంచున, బొమ్మల చట్రమునకు వెలుపల, ఫిలిము పేరును వరుస అంకెలును ఉండును. ఇవి కర్మాగారముననే వెలుతురుతో అచ్చొత్తబడి, మనము కడిగినపుడు బొమ్మలతోపాటు బయల్పడును. వీనికి మన కెమెరాతో సంబంధము లేదు. కడుగు మందుతోనే సంబంధము. తర్కమున చదువుకొన్న అన్వయవ్యతిరేకములు ఇక్కడ చక్కగా పనికివచ్చును. అక్షరములు కాటుకవలె నల్లగానుండి బొమ్మ మాత్రము పలుచనైనచో వెలుతురు చాలలేదు, తప్పు తీసినవానిది. అక్షరములును బొమ్మయు రెండును వెలవెలబోయినచో తప్పు కడిగినవానిది. మందు పాతదో, మరీ చల్లనిదో, కాలము చాలలేదో. అక్షరములుండి బొమ్మలు బొత్తిగా లేనిచో ఫిలిము కెమెరాలో కదలనే లేదు, లేదా షట్టరు తెరచుకొనలేదు. అక్షరములు సైతము లేక ఫిలిమంతయు అద్దమువలె నున్నచో డెవలపరు పూర్తిగా చచ్చినదైన కావలెను, దానికి ముందు హైపోయైన పోసియుండవలెను. ఈ రెండవ ఘనకార్యమును నేనొకమారు చేసితిని.

తాతగారు పోయిన వార్త విన్నపిమ్మట ఆ ఫిలిమును దీపమున కెదురుగా పట్టి అంచు చూచితిని. అక్షరములు బూడిదరంగున మసకగా నుండెను. నా డెవలపరు సగము ఖాళీయైన సీసాలో ఆరునెలలుండి, గాలి సోకి, టీకషాయపు రంగుకు తిరిగియుండెను. మరునాడు తొలి బస్సుకే ఎమ్మిగనూరు పోయి, తప్పు నాదని పిల్లవానితో చెప్పితిని.

ఇక మన యెండల సంగతి. మే నెలలో ఆదోనియందు ఎండ 40 డిగ్రీలు దాటును. కడుగు కాలపు పట్టికలు సాధారణముగా 20 డిగ్రీల సెంటిగ్రేడునకు వ్రాయబడినవి. మిద్దెమీది తొట్టినీటిని అట్లే వాడినచో బొమ్మ త్వరగా నల్లబడి గరుకుబారును. జిలాటిను పొర ఉబ్బి, గోరు తగిలినంతనే ఊడివచ్చును. చల్లని మందునుండి వేడినీటిలోనికి ఒక్కుమ్మడిగా మార్చినచో పొర ముడుతలుపడి, నీరింకిన చెరువులో నల్లరేగడి బీటలువారినట్లగును. దీనికి చికిత్స లేదు. కావున డెవలపరు మొదలు చివరి కడుగునీటి వరకు అన్నియు ఒకే చల్లదనమున నుండవలెను. నేను తెల్లవారుజామున కుండనీటిని వాడుదును. చాలకున్న మంచుగడ్డను సంచిలో కట్టి, సీసాలు నిలిపిన తొట్టిలో వేయుదునే గాని మందులో వేయను. 24 డిగ్రీల లోపలనున్నచో తృప్తిపడుదును. కాలమును మాత్రము పట్టిక ననుసరించి తగ్గింపవలెను.

బోరునీటిలో సున్నపు అంశ మెక్కువైనచో ఫిలిము ఆరినపిదప తెల్లని వలయములు నిలుచును. చివరి ముంపునకు బ్యాటరీలకు పోయు డిస్టిల్డు వాటరు చాలును. అది ఖరీదైనది కాదు. ఆదోని ప్రత్తిమిల్లుల ఊరు; గాలిలో నూగు తేలుచుండును. తడి ఫిలిముపై వ్రాలిన పోగు ప్రింటులో తెల్లని పురుగువలె కనబడును. స్నానపుగదిలో నేలపై నీరు చల్లి, తలుపు మూసి, అందు ఫిలిమును వ్రేలాడదీయుట మేలు. నెగటివున స్వచ్ఛమైన గుండ్రని చుక్కలున్నచో అవి గాలిబుడగల గుర్తులు. మందు పోసినవెంటనే డబ్బాను బల్లపై రెండు మూడుమారులు తట్టిన పోవును.

ఫిలిము పాలవలె తెల్లమసక కమ్మియున్నచో భయపడవలదు. హైపో చాలలేదన్నమాట. క్రొత్త హైపోలో మరల ముంచినచో తేటపడును. ఇట్టిదానిని చెడినదని పారవేసినవారిని చూచి నాకు ప్రాణము ఉసూరుమన్నది. ఫిలిము కొన ముక్కను ముందుగా హైపోలో వేసి, అది తేటపడుటకు ఎంతసేపు పట్టునో చూచి, దానికి రెట్టింపు కాలముంచుట పాతవారి పద్ధతి.

పలుచని ఫిలిము సంగతి వేరు. హైపోలో స్థిరపడినదానిని మరల డెవలపరులో ముంచిన ఫలములేదు. ఉన్న నీడనే, నలుపు తెలుపుల భేదమును పెంచు గట్టి గ్రేడు కాగితముపై అచ్చువేసి రాబట్టవలెను. పిల్లవాడును నేనును రెండు రాత్రులు కూర్చుంటిమి. 12లో 10 పోయినవి. మిగిలిన రెంటిలో ఒకదానియందు తాతగారి ముఖము సగము చీకటిలోనే యున్నది. మగ్గముపైనున్న చేతులు మాత్రము తేటగా వచ్చినవి. దానిని వారు మగ్గమున కెదుటి గోడకు తగిలించిరి. ఇప్పుడా పిల్లవాడు తన ఫిలిమును తానే కడుగుకొనుచున్నాడు; మందు కలిపిన తేదీని సీసాపై వ్రాయనిదే మూత బిగింపడు.