గడువు దాటితే తప్పు ఎవరిది?



ఇంటి ప్లాను మంజూరయితే ఇక భయం లేదనుకుంటాం. కానీ ఆ కాగితానికి రెండు గడువులుంటాయి. పని ఎప్పటిలోగా మొదలుపెట్టాలన్నది ఒకటి, ఎప్పటిలోగా ముగించాలన్నది రెండోది. గడువు పొడిగించుకోకుండా ఆ తర్వాత లేపిన గోడ అనుమతి లేని కట్టడం కిందికే వస్తుంది.

మన వైపు పని ఆగడానికి కారణాలు వెతకనక్కర్లేదు. బందరు, గుడివాడ, దివిసీమ - ఎక్కడ చూసినా పల్లపు నేలలే. ముందు మెరక తోలాలి. వానలు పట్టుకుంటే ఇసుక లారీ లోపలికి రాదు. 2020లో కరోనా వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఇది ప్రత్యేకంగా స్త్రీల సమస్య ఎలా అయింది? 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో ఇళ్ల స్థలాల పట్టాలు స్త్రీల పేరనే ఇచ్చారు. మంచిదే. కానీ చాలా ఇళ్లలో మేస్త్రితో బేరం, సిమెంటు కొనుగోలు, ఆఫీసు పని మగవాళ్ల చేతిలో ఉంటాయి. నోటీసు మాత్రం మన పేర వస్తుంది.

2016 నాటి రెరా చట్టం 6వ సెక్షన్ చూడండి. బిల్డరు ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి యుద్ధం, వరద, కరువు, తుపాను వంటివి కారణాలుగా అందులో రాసి ఉన్నాయి. 2020 మే నెలలో కేంద్రం, ఆ మార్చి 25న గానీ తర్వాత గానీ గడువు తీరే ప్రాజెక్టులకు దరఖాస్తు అడగకుండానే 6 నెలలు పెంచమని సలహా ఇచ్చింది. అంతేకాదు, 2022 మార్చికి పూర్తి కావలసిన పట్టణ ఆవాస్ యోజనకు 2024 డిసెంబరు దాకా తనే గడువు పెంచుకుంది. మరి రెండు గదుల ఇంటికి తుపాను కారణం కాదా?

కనుక మనం చేయవలసింది ఇది. మంజూరు కాగితం మన దగ్గరే ఉంచుకుందాం. అందులోని తేదీలు చదువుకుందాం, చదవలేకపోతే చదివించుకుందాం. గడువు తీరకముందే, పని ఎందుకు ఆగిందో రాసి, ఫోటోలు, బిల్లులు జతచేసి, మన సంతకంతో పొడిగింపు కోరదాం. తేదీ వేసిన రసీదు తీసుకుందాం. కాదంటే, ఎందుకు కాదో రాసివ్వమందాం.

ఇక అందరం కలిసి అడగవలసింది ఒకటుంది. తుపాను, వరద బాధిత మండలమని ప్రభుత్వం ప్రకటించిన చోట, పని జరగని రోజులను రుసుము లేకుండా గడువుకు కలపాలి. ఇది దయ కాదు, మన హక్కు.