దారిలో ప్రాణవాయువు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములో ఎవరికైన జబ్బు ముదిరినచో మొట్టమొదట కబురు వచ్చునది పంచాయతీ సభ్యుని ఇంటికే. 108కి ఫోను చేయించుట మొదలు పెద్దాసుపత్రికి తోడు వెళ్లుట వరకు ఆ భారము మీమీదనే పడుచున్నది. 2005 ఆగస్టు 15వ తేదీన, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సేవ ప్రారంభమైన పిమ్మట ఆసుపత్రికి చేరుట చాల సులభమైనది. అయితే ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి మార్చునప్పుడు, ఊపిరాడని రోగికి దారిలో ఏమి జరుగునో మనము అంతగా ఆలోచించుట లేదు. నేటి నా ప్రసంగము ఆ దారిని గూర్చియే.

మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, నూటికి 21 వంతులుండును. న్యుమోనియా ముదిరి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవానికి అది చాలదు. ఆసుపత్రి మంచము మీద నున్నంతవరకు గోడకున్న గొట్టము అతనికి ఎడతెగక వాయువు నందించుచుండును. మంచము దిగినంతనే ఆ ఆధారము తొలగిపోవును. ఆపైన అతనికి దిక్కు బండిలోని సిలిండరే.

2021 ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారమునుండి ద్రవరూపపు ఆక్సిజన్‌ను ట్యాంకర్లలో నింపి రైలు మీద మహారాష్ట్రకు పంపిరి. వాయువు తయారగుట ఒక ఎత్తు, అది రోగి ముక్కును చేరుట మరియొక ఎత్తు అని ఆనాడు దేశమంతయు గ్రహించినది. బండిలో జరుగు వ్యవహారమును అంతే.

సిలిండరు కిలోమీటర్ల లెక్కన తరుగదు. నిమిషముల లెక్కన తరుగును. బండి రైల్వే గేటు వద్ద ఆగినను వాయువు ఆగదు. చిన్నదైన బి-రకపు సిలిండరు నిండుగా నున్నప్పుడు అందులో సుమారు 1500 లీటర్ల వాయువుండును. పెద్దదైన డి-రకములో సుమారు 7000 లీటర్లు. రోగికి నిమిషమునకు 10 లీటర్లు కావలసియున్నచో చిన్న సిలిండరు రెండున్నర గంటలు వచ్చును. 15 లీటర్లయినచో 100 నిమిషములే. గేజి ముల్లు సగమునకు దిగియున్నచో ఈ కాలమును కూడ సగమే అనుకొనవలెను.

పాడేరునుండి విశాఖపట్టణమునకు 100 కిలోమీటర్లకు పైబడిన దూరము. అందులో ఘాటు రోడ్డు. వానలో ప్రయాణము మూడు గంటలు పట్టెననుకొందము. నిమిషమునకు 10 లీటర్ల చొప్పున 1800 లీటర్లు కావలెను. నిండు సిలిండరు ఒక్కటే తీసికొని బయలుదేరినచో, పట్టణపు దీపములు కనబడు వేళకు అది నిండుకొనును. చెట్టు కూలి దారి మూసికొన్నచో చెప్పనే అక్కరలేదు. లెక్కకు వచ్చిన దానికి రెట్టింపు వాయువు బండిలో ఉంచుకొనుమని చెప్పుట ఇందువలననే.

ఇక తొందర సంగతి. “ఎంతసేపు చూచెదరు? వెంటనే పంపివేయుడు” అని బంధువులు వైద్యుని నిలదీయుదురు, మనమును వంత పాడుదుము. పెద్దాసుపత్రులలో నిమిషమునకు 40, 60 లీటర్ల ధారతో వాయువు నిచ్చు యంత్రములు కలవు. కేవలము ఆక్సిజనే 60 లీటర్ల చొప్పున నడచినచో డి-రకపు సిలిండరయినను రెండు గంటలు రాదు. అట్టి రోగి సాధారణపు మాస్కుతోనో వెంటిలేటరుతోనో దారిలో నిలువగలడా అని కదలించుటకు ముందే వైద్యుడు చూడవలెను. ఆ చూచుకాలము వృథా కాదు. మీ మాటకు ఊరిలో విలువ కలదు గనుక, అప్పుడు బంధువులను శాంతపరచుడు. తరువాత వైద్యుని మర్యాదగా అడుగుడు: నిమిషమునకు ఎన్ని లీటర్లు పోవుచున్నది? ఉన్నది ఎంతసేపు వచ్చును? అవతలి ఆసుపత్రివారు మంచమున్నదని చెప్పిరా? వెనుక రోగి ప్రక్కన కూర్చుండు శిక్షణ పొందినవారెవరు? ముందు కూర్చుండి బండి నడపువాడు మాస్కు జారినదో లేదో చూడజాలడు. పైని దీపము వెలుగు బండ్లన్నియు ఒక్క తీరువి కావు. 108 బండ్లలోనే వెంటిలేటరు గలవి కొన్ని, లేనివి కొన్ని.

ఎక్కువ ఇచ్చిన మరింత మేలని ఎవరును మర త్రిప్పరాదు. ఏండ్ల తరబడి బీడీలు కాల్చి ఊపిరితిత్తులు చెడినవారిలో, వ్రేలికి తగిలించు యంత్రము 88 నుండి 92 వరకు చూపిన చాలునని వైద్యులందురు. తక్కిన రోగులకు సాధారణముగా 94కు తగ్గకుండ చూతురు. ఆక్సిజన్ తాను మండదు గాని మంటను భగ్గుమనిపించును. బండి తలుపు వద్ద దిష్టి తీయుటకు కర్పూరము వెలిగించుట, బీడీ ముట్టించుట కూడదు. సిలిండరు మరకు నూనె తగులరాదు. ఇంటిల్లిపాదియు బండి ఎక్కినచో సహాయకునికి చేయి ఆడదు, ఒక్కరు చాలును.

గమ్యము చేరినంతమాత్రమున పని ముగిసినట్లు కాదు. స్ట్రెచరు మీద వరండాలో వేచియుండునప్పుడును సిలిండరు తరుగుచునే యుండును. క్రొత్త గొట్టమునుండి వాయువు వచ్చుచున్నదని రూఢియైన పిమ్మటనే పాతదానిని విప్పవలెను.

మీ పంచాయతీకి దగ్గరి ఆసుపత్రినుండి పెద్దాసుపత్రికి పగలెంతసేపు, రాత్రి ఎంతసేపు, వానకాలములో ఎంతసేపు పట్టునో బండి నడపువారినడిగి వ్రాసి, కార్యాలయపు గోడకు అంటింపుడు. ప్రాథమికారోగ్య కేంద్రపు వైద్యులు ఇక్కడనే యున్నారు. మీ సందేహములను వారినడుగవచ్చును.