వానకు పొలిమేర లేదు



ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఈ ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో జ్యేష్ఠ మాసపు ఎండలు ముదిరి, ఒక సాయంకాలం ఆకాశం నల్లబడుతుంది. అప్పుడు తెలుగువారి ముంగిట ‘మబ్బు పట్టింది’ అన్న మాట వినిపిస్తుంది. పక్క ఇంటి బెంగాలీలు ‘మేఘ్ కొరేఛే’ అంటారు. ఎదుటి ఇంటి హిందీవారు ‘బాదల్ ఛాయే హైఁ’ అంటారు. మాటలు మూడు, మబ్బు ఒకటే.

ఈ పట్టణానికి తెలుగువారిని తెచ్చినది రైలు మార్గం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1902లో కటకం నుండి వాల్తేరు దాకా గల తూర్పు కోస్తా మార్గాన్ని కూడా చేపట్టింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు పనుల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మనుషులు వచ్చిన దారి తెలిసినదే. మరి వాన ఏ దారిన వస్తున్నది?

భూగోళపటంలో ఖరగ్‌పూర్ దాదాపు 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఇదే అక్షాంశం వెంట పడమరకు పోతే అరేబియా ఇసుక తిన్నెలు, ఆపైన సహారా ఎడారి తగులుతాయి. భూమధ్యరేఖ వద్ద వేడెక్కి పైకి లేచిన గాలి అక్కడే తేమను వర్షించి, ఉభయ దిశలా సాగి, 30 డిగ్రీల అక్షాంశ ప్రాంతాలలో పొడిగా కిందికి దిగుతుంది. అందుకే ఆ పరిసరాలలో ఎడారులు ఏర్పడ్డాయి. అయినా ఈ నేల ఎడారి కాలేదు. ఇక్కడ ఏటా సుమారు 140 సెంటీమీటర్ల వాన కురుస్తున్నది. ఈ భాగ్యం ఋతుపవనాలు ప్రసాదించినదే.

వేసవిలో భూభాగం సముద్రం కంటె త్వరగా వేడెక్కుతుంది. దక్షిణార్ధగోళం నుండి బయలుదేరిన గాలులు భూమధ్యరేఖను దాటి, భూభ్రమణం వల్ల కుడివైపునకు మళ్లి, నైరుతి గాలులై తేమను మోసుకొని వస్తాయి. భూమికి, సముద్రానికి గల ఈ వేడిమి తేడాను 1686లోనే ఎడ్మండ్ హేలీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు ఒడిశా, బెంగాల్ తీరాలను దాటి పడమరకు సాగుతాయి. ఒక్కొక్కప్పుడు ఖరగ్‌పూర్‌ను తడిపిన వాయుగుండమే గోదావరి ఉపనదులకు వరద తెస్తుంది.

లోకంలో నీరు కొత్తగా పుట్టడం లేదు, ఉన్న నీరే తిరుగుతున్నది. ఏటా ఆవిరయ్యే నీటిలో నూటికి 86 వంతులు సముద్రాల నుండి, 14 వంతులు నేల నుండి లేస్తాయి. తిరిగి వర్షించేటప్పుడు 78 వంతులు సముద్రంలోనే పడతాయి, 22 వంతులు నేలకు దక్కుతాయి. అంటే సముద్రం నేలకు ఏటా 8 వంతులు అదనంగా ఇస్తున్నది. ఆ 8 వంతులే నదులై, భూగర్భ జలమై మళ్లీ సముద్రానికి చేరుతాయి. ఖరగ్‌పూర్‌కు ఉత్తరాన పారే కంసావతి ఇందుకు నిదర్శనం. ఛోటానాగపూర్ పీఠభూమి మీద పడిన వానను ఆ నది తెచ్చి, కెలెఘాయితో కలిసి హల్దీ నదియై, హుగ్లీ ద్వారా బంగాళాఖాతానికి అప్పగిస్తుంది.

ఈ పంపకం అన్ని చోట్లా సమానం కాదు. మేఘాలయలోని మాసిన్‌రామ్‌లో ఏటా సగటున 1180 సెంటీమీటర్లకు పైగా వాన పడుతుంది. చిలీలోని ఆరికాలో ఏటి సగటు ఒక మిల్లీమీటరు కూడా లేదు. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురానికి 55 సెంటీమీటర్లే ప్రాప్తం. దూరపు సముద్రాల తీరు కూడా దేశంలోని వానను మారుస్తుంది. తెలుగువారు ధాత కరువు అని చెప్పుకొనే 1876 నాటి క్షామానికి పసిఫిక్ మహాసముద్రపు వేడెక్కుదల ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

వాన రాకడను లెక్కించడంలో కూడా ఈ దేశ ప్రజల మధ్య బంధుత్వం కనిపిస్తుంది. తెలుగు రైతు మృగశిర, ఆరుద్ర కార్తెలను చూస్తాడు. సూర్యుడు ఆర్ద్రలో ప్రవేశించే ఆ రోజులలోనే బెంగాల్ పల్లెలలో అంబుబాచీ పాటించి, భూమాతకు విశ్రాంతి అని నాగలి ఆపుతారు. నక్షత్రం ఒకటే, ఆచారాలు రెండు.

అయితే వాన వచ్చినంత మాత్రాన దాహం తీరదు. దేశపు వర్షపాతంలో ముప్పాతిక భాగం నాలుగు నెలలలోనే కురిసిపోతుంది. ఖరగ్‌పూర్ వంటి ఎర్ర మొరం నేలల మీద పడిన నీరు వాలు వెంట త్వరగా జారిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టగలదు. కనుక భూమి వేడెక్కేకొద్దీ కుంభవృష్టులు పెరుగుతున్నాయి. శ్రావణంలో వీధులు మునిగిన ఊరే చైత్రంలో బిందెలతో బారులు తీరడం దేశంలో తరచు కనిపించే దృశ్యం.

ఒక చిన్న లెక్క చూడవచ్చు. 50 చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద 140 సెంటీమీటర్ల వాన పడితే 70,000 లీటర్ల నీరు. అయిదవ వంతు వృథా పోయినా 56,000 లీటర్లు మిగులుతుంది. రోజుకు 200 లీటర్లు వాడే అయిదుగురి కుటుంబానికి అది 280 రోజుల వాడకం. అంత నీటిని తొట్లలో నిలపడం సాధ్యం కాకున్నా, ఇంకుడు గుంటల ద్వారా నేలకు అందించవచ్చు.

బెంగాల్ పల్లెలో ఇంటి పక్క పుకూర్ తవ్విన పెద్దలకు, తెలుగు నాట గొలుసు చెరువులు కట్టిన పెద్దలకు ఈ లెక్క తెలుసు. ఆ రెండు విద్యలూ ఎరిగిన కుటుంబాలు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒకే చూరు నీటి కింద కాపురముంటున్నాయి. ఆ చూరు నీరు కాలువ పాలు కాకుండా ఇరుగు పొరుగు కలిసి ఒక గుంట తవ్వుకొంటే, వచ్చే చైత్రంలో బావి అడుగంటకుండా ఉంటుంది.