స్విచ్ బంద్ చేస్తే కరెంటు బంద్ అయినట్టేనా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియంలో సైన్సు చెప్పే టీచర్‌ను. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడేవాణ్ణి. నా తెలుగులో తప్పులు దొర్లితే పెద్ద మనసుతో సర్దుకొని వినండి. ఇటువంటి సభల్లో చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడటం మామూలు. ఈసారి కార్యదర్శి గారు "మాస్టర్ సాబ్, ఇంటింటికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఇంటి కప్పుకు లైటు బిగించుకునే సంగతి ఎన్నుకున్నాను. ఇదేం పెద్ద సంగతి అని మీకు అనిపించవచ్చు. ఒక వానాకాలం సాయంత్రం దాకా నేనూ అట్లాగే అనుకున్నాను.

మాది ఫరూఖ్‌నగర్ వైపు పాత ఇల్లు, మా అబ్బా కట్టించింది. అప్పుడు వేసిన వైర్లు కొన్ని ఉన్నాయి. తర్వాత గది పెరిగినప్పుడల్లా ఎవరెవరో వచ్చి వేసిపోయినవి కొన్ని. నాలుగేండ్ల కింద ముందు గదిలో హోల్డరు వదులైంది. గాజు బుడ్డి ఉన్న కొత్త లైటు కొనుక్కొచ్చాను. స్విచ్ బంద్ చేశాను, బల్బు ఆరింది. ఇంకేమి భయం అని ఇనుప స్టూలు ఎక్కాను. కాళ్లకు చెప్పులు లేవు. వానకు గచ్చంతా చెమ్మగా ఉంది. పదేండ్ల నా బిడ్డ రెండు చేతులా స్టూలు పట్టుకొని నిలబడింది.

వైరు ముట్టుకోగానే ఎవరో భుజం మీద దుడ్డుకర్రతో కొట్టినట్టయింది. కిందపడ్డాను. గాజు బుడ్డి పగిలి ఒక ముక్క బిడ్డ చేతికి దిగింది. మూడు కుట్లు పడ్డాయి. దవాఖానలో కట్టు కట్టించుకుంటూ ఆ పిల్ల నన్ను ఒకటే మాట అడిగింది: "అబ్బా, స్విచ్ బంద్ చేసినవు గద?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏండ్ల నుంచి పిల్లలకు కరెంటు పాఠం చెప్తున్నవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుట్లు మూడే కదా అని సమాధానపడదామంటే, ఆ పిల్ల రెండు చేతులూ ఇనుము మీద ఉన్నవి గుర్తొచ్చేది.

తెల్లవారి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఆయన బోర్డు విప్పి చూసి చెప్పాడు: "సార్, మీ స్విచ్ న్యూట్రల్‌కు పెట్టిన్రు." ఇదే నేను ఈ రోజు మీకు చెప్పదలచుకున్న అసలు మాట. దయచేసి కొంచెం శ్రద్ధగా వినండి.

బడి పుస్తకంలో మేము ఒక బొమ్మ గీస్తాము. ఒక సెల్లు, ఒక స్విచ్, ఒక బల్బు. ఆ బొమ్మలో స్విచ్ ఏ వైపు పెట్టినా బల్బు ఆరుతుంది, ప్రమాదమూ లేదు. ఇంటి కరెంటు అట్లా కాదు. మన ఇంటికి వచ్చే రెండు వైర్లలో ఒకటి న్యూట్రల్. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. రెండోది ఫేజ్. భూమికీ దానికీ మధ్య 230 వోల్టుల ఒత్తిడి ఉంటుంది. మనం నిలబడేది భూమి మీద. కాబట్టి ఫేజ్‌ను ముట్టుకుంటే రెండో వైరుతో పనిలేకుండానే మన ఒంటి గుండా కరెంటుకు దారి దొరుకుతుంది.

స్విచ్ ఫేజ్ వైరులో ఉంటే, బంద్ చేసినప్పుడు కరెంటు బోర్డులోనే ఆగిపోతుంది. న్యూట్రల్ వైరులో ఉంటే బల్బు ఆరుతుంది గాని, హోల్డరు దాకా కరెంటు వచ్చి కూర్చునే ఉంటుంది. మన పెద్దల కాలంలో కందిలి ఆరిపోతే ఆరిపోయినట్టే. కరెంటు సంగతి వేరు, చీకట్లో కూడా అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక లెక్క చెప్తాను, పిల్లలు రాసుకోండి. 9 వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బును 230 వోల్టులతో భాగిస్తే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. అంత చిన్న బల్బు వాడుకునే కరెంటు ఛాతీ గుండా పోతే మనిషి గుండె ఆగిపోవచ్చు. మరి బోర్డులో ఎం.సి.బి. ఉంది కదా అంటారు. లైట్లకు పెట్టే ఎం.సి.బి. 6 ఆంపియర్లది అనుకుందాం. 6 ఆంపియర్లు అంటే 6000 మిల్లీ ఆంపియర్లు. అది వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడదు. మనిషిని కాపాడటానికి వేరే పరికరం ఉంది, ఆర్‌.సి.సి.బి. అంటారు. పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే అది వెంటనే పడిపోతుంది. ఇండ్లకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోవాలి. దానిమీద ఉన్న టెస్టు బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. అది ఉన్నది కదా అని ఫేజూ న్యూట్రలూ రెండూ కలిపి పట్టుకుంటే మాత్రం అది కూడా కాపాడలేదు.

ఇక లైటు మార్చే పద్ధతి.

మొదటిది, స్విచ్‌ను నమ్మకండి. మెయిన్ బంద్ చేయండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా బంద్ చేసి, లైట్లకు పోయే దాని లైను తీయించండి. మెయిన్ తీసినా ఇన్వర్టర్ నుంచి అదే లైటు పాయింటుకు కరెంటు వస్తుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు. మెయిన్ దగ్గర ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని నిలబెట్టండి. లేకపోతే ఎవరో వచ్చి "కరెంటు పోయిందేమో" అని మళ్లీ వేస్తారు.

రెండోది, టెస్టరుతో చూడండి. కాని ముందు టెస్టరునే పరీక్షించాలి. మెయిన్ తీయకముందు పనిచేసే ప్లగ్గులో పెట్టి, వెలుగుతున్నదా చూడండి. తీసిన తర్వాత పైన వైర్లన్నీ ఒక్కొక్కటే చూడండి. కరెంటు మళ్లీ వేసినాక టెస్టరును అదే ప్లగ్గులో ఇంకోసారి చూడండి. చెడిపోయిన టెస్టరు కూడా వెలగదు, కరెంటు లేని వైరు దగ్గర కూడా వెలగదు. ఆ తేడా ప్రాణానికి సంబంధించినది.

మూడోది, రంగులు. మన దేశంలో ఇంటి వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌కు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు వాడే ఆనవాయితీ ఉంది. కొత్త లైటుతో వచ్చే మెత్తటి వైరులో మాత్రం గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్త్. అంటే గోడలోని నీలం ఫేజ్ కావచ్చు, లైటులోని నీలం న్యూట్రల్. రంగు కలిసింది కదా అని కలిపితే మోసపోతారు. పాత ఇండ్లలో అన్నీ ఒకే రంగు వైర్లు కూడా ఉంటాయి. అందుకని రంగును కాదు, పరీక్షను నమ్మండి.

నాలుగోది, బిగించడం. లైటు బరువు కొక్కెం మీద, స్క్రూల మీద ఉండాలి గాని వైరు మీద వేలాడకూడదు. రాగి పోగులు గట్టిగా మెలితిప్పి కనెక్టరులో పెట్టండి, ఒక్క పోగు కూడా బయటికి కనిపించకూడదు. పాత అల్యూమినియం వైరును కొత్త రాగి వైరుతో చుట్టి టేపు వేయకండి. ఆ అతుకు కొన్నాళ్లకు వదులై వేడెక్కుతుంది. మరతిప్పే హోల్డరు అయితే ఫేజ్ నడిమి చుక్కకు, న్యూట్రల్ మరకు పోవాలి. లోహపు లైటు అయితే ఎర్త్ తప్పనిసరి. మన పాలమూరు నేల ఎండాకాలం బీటలు వారుతుంది. అప్పుడు ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మరవకండి.

ఇంకొక గుర్తు చెప్తాను. స్విచ్ తీసినా ఎల్‌.ఇ.డి. బల్బు సన్నగా మినుకుమంటున్నదా? స్విచ్‌లో చిన్న దీపం ఉంటే అట్లా జరగవచ్చు. అది లేకపోతే మాత్రం స్విచ్ న్యూట్రల్‌లో ఉందేమోనని అనుమానించి, తెలిసినవారికి చూపించండి.

ఎంతవరకు మనం చేయాలి, ఎక్కడ ఆగాలి? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చినవి చూస్తే, ఉన్న బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ వంటివి మార్చుకోవడం వరకే మన చేతిలో పెట్టినారు. కొత్త పాయింటు వేయడం, కొత్త లైను లాగడం లైసెన్సు ఉన్నవారి పని. నాలుగు డబ్బులు మిగులుతాయని అక్కడ తెలివి చూపించకండి.

ఎవరినైనా కరెంటు పట్టుకుంటే ముందు మెయిన్ తీయండి. ప్రేమకొద్దీ మనిషిని పట్టుకొని లాగితే ఇద్దరూ పోతారు. మెయిన్ అందకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కట్టెతో తప్పించండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. శ్వాస లేకపోతే ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

చివరగా ఒక మనవి. మన సంఘం పిల్లల ఫీజులకు, పేదింటి పెళ్లిళ్లకు సాయం చేస్తున్నది. ఒక్క ఆదివారం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొని సభ్యుల ఇండ్లు తిరుగుదాం. మగదిక్కు లేని ఇండ్ల నుంచి మొదలుపెడదాం. స్విచ్‌లు ఏ వైరులో ఉన్నవో చూపిద్దాం. ఆ తిరగడంలో నేను వెంట ఉంటాను.

మన ఊరి పేరులోని షాద్ అంటే సంతోషం. మహారాజా కిషన్ పర్షాద్ కవితలకు పెట్టుకున్న కలం పేరు అది, ఊరికి ఆయన వల్లనే ఆ పేరు వచ్చిందని చెప్తారు. సంతోషం పేరున్న ఊరిలో లైటు బిగించబోయి ఏ ఇల్లూ చీకటి కాకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో బల్బు మార్చాలన్నా నా బిడ్డ నన్ను స్టూలు ఎక్కనివ్వదు. ముందు పోయి మెయిన్ చూసి వస్తుంది. "మెయిన్ బంద్, ఇన్వర్టర్ బంద్. ఇప్పుడు ఎక్కు అబ్బా" అంటుంది. ఆ రోజు అడిగిన ప్రశ్నకు జవాబు నాకంటే ఆమెకే బాగా తెలుసు.

సెలవు. ఖుదా హాఫిజ్.