మందు చెరుపు చేస్తే తెలిసేదెట్లా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటాం. మందు సంగతి అట్లా కాదు. ఒకరికి పడినది మరొకరికి పడకపోవచ్చు. కొత్త మందును బజారులోకి పంపే ముందు సాధారణంగా కొన్ని వేలమంది మీద పరీక్షిస్తారు. పదివేలమందిలో ఒక్కరికి వచ్చే కీడు ఆ పరీక్షకు అందకపోవచ్చు. మందు లక్షల ఇళ్ళకు చేరిన తర్వాత, ఆస్పత్రి రికార్డులు, వాడినవారు చెప్పిన మాటలు ఒకచోట చేర్చి చూస్తేనే అది బయటపడుతుంది.

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ అనే నిద్రమందు వచ్చింది. వేవిళ్ళు తగ్గుతాయని గర్భిణులూ వాడారు. కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడని పిల్లలు పుట్టసాగారు. హాంబర్గులో లెంజ్ అనే డాక్టరు ఆ తల్లులను అడిగి, ఏ మందులు వాడారో రాసుకున్నారు. 1961 నవంబరులో జర్మనీలో ఆ మందును ఆపేశారు. అప్పటికే ప్రపంచంలో పదివేలమందికి పైగా పిల్లలకు ఆ హాని జరిగిందని అంచనా.

అది అరుదైన లోపం గనుక కంటికి ఆనింది. మరి లోకంలో మామూలుగా ఉన్న జబ్బే మందు వల్ల పెరిగితే? రోఫెకాక్సిబ్ అనే కీళ్ళనొప్పుల బిళ్ళ 1999లో అమెరికాలో వచ్చింది. పెద్దవాళ్ళకు గుండెపోటు వస్తే వయసు మీద పడిందనుకుంటాం గాని, బిళ్ళను ఎవరు అనుమానిస్తారు? కంపెనీ చేయించిన పరీక్షలోనే గుండె ముప్పు తేలడంతో 2004 సెప్టెంబరులో దాన్ని వెనక్కు తీసుకున్నారు. కాలిఫోర్నియాలో ఒక ఆరోగ్య సంస్థ రికార్డుల నుంచి సుమారు 14 లక్షలమంది వివరాలు పరిశీలించిన ఫలితం 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ బిళ్ళను పెద్ద మోతాదులో వాడినవారికి, అదే తరహా మరో బిళ్ళ వాడినవారి కంటే గుండె ముప్పు మూడురెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. పక్కపక్కన పెట్టి పోల్చితేనే తెలిసే సంగతి ఇది.

మన దేశంలో ఈ పని 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం పేర జరుగుతున్నది. దాని కేంద్రం ఘాజియాబాదులో ఉన్నది. ఆడవాళ్ళు నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల జ్వరం, దద్దుర్లతో మొదలై లోపలి అవయవాలకు పాకే తీవ్రమైన రియాక్షన్ రావచ్చునని 2023 నవంబరులో హెచ్చరించారు. మందును నిషేధించలేదు, జాగ్రత్తగా కనిపెట్టి ఉండమన్నారు. ఆ హెచ్చరిక ఇక్కడ చేరిన ఫిర్యాదుల నుంచే పుట్టింది.

మరి మన ఇళ్ళ మాటేమిటి? షాపులో నోటిమాటగా బిళ్ళలు కొంటాం, చీటీ పారేస్తాం. మన ఆడవాళ్ళయితే ఒంటి బాధను చెప్పుకోనే చెప్పుకోరు. మన బాధ ఆ లెక్కలో చేరకపోతే, రేపు మనబోటివాళ్ళకే హెచ్చరిక అందదు.

అందుచేత మా మనవి. ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, తర్వాత కనబడిన మార్పు రాయండి. దాన్ని డాక్టరుకు చూపించండి. 1800-180-3024కు ఫోను చేసి వాడినవారే చెప్పవచ్చును, ఖర్చు లేదు. మందు తర్వాత వచ్చిందల్లా మందు వల్లనే కానక్కరలేదు. అది తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు. కనుక బీపీ, షుగరు బిళ్ళలను భయపడి సొంతంగా మానెయ్యకండి. చెప్పడం మన వంతు. సెలవు.