కాలేయ వ్యాధిగ్రస్తులును రాచపుండును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వేతనములును, వివాహ సంబంధములును చర్చింపవలసిన సభలో ఈ రోగప్రసంగమేల యని కొందఱికి తోపవచ్చును. వివాహములతో దీనికిగల సంబంధమునే ముందు మనవి చేసెదను.

మా మేనమామగారు యౌవనమున రక్తదానమునకు పోగా, హెపటైటిస్ బి యను వైరసు ఆయన రక్తమున నున్నట్లు తెలిసెను. ఇంట ఆడపిల్లలు పెండ్లి కెదిగియుండిరి. ఆ కాగితము బీరువాలో దాగెను. పదునెనిమిదేండ్లు ఏ బాధయు లేదు. పిదప కడుపుబ్బి ఆసుపత్రికి చేరునప్పటికి, కాలేయమందలి గడ్డ రక్తనాళములోనికి వ్యాపించియుండెను. మూడు నెలలలో గతించిరి. అప్పుడు గదా తోబుట్టువులకు పరీక్ష జరిగినది! మా తల్లిగారి రక్తమునను అదే వైరసు. కాలేయ మప్పటికే మచ్చలు కట్టి గట్టిపడినది.

ఇట్లు గట్టిపడిన కాలేయమే రాచపుండునకు ముఖ్యస్థానము. హెపటైటిస్ బి, సి వైరసులు, మద్యము, మధుమేహముతోను స్థూలకాయముతోను చేరు క్రొవ్వు దీనికి కారణములు. కావున సారాయి ముట్టనివారును నిర్భయముగ నుండరాదు. బి వైరసు గలవారిలో కొందఱికి కాలేయము గట్టిపడకయే పుండు పుట్టుటయు గలదు. చిన్నగడ్డ నొప్పి పెట్టదు; అదియే దాని మోసము. అందుచేత కాలేయము గట్టిపడినవారు ఆఱు నెలలకొకమాఱు అల్ట్రాసౌండు పరీక్షయు, ఆల్ఫా ఫీటో ప్రోటీనను రక్తపరీక్షయు చేయించుకొనవలెను.

మా తల్లిగారికి నాలుగవ పరీక్షలో రెండు సెంటిమీటర్ల గడ్డ కానవచ్చెను. ముక్క కోసి చూతురని ఆమె భయపడిరి, అవసరము లేకపోయెను. కాలేయమునకు వచ్చు రక్తములో సుమారు ముప్పాతిక పాలు ప్రేగులనుండి వచ్చు పెద్ద సిరద్వారా వచ్చును. పుండుమాత్రము ధమని రక్తమునే త్రాగును. రంగుమందెక్కించి సి.టి. తీయగా గడ్డ ముందుగా వెలిగి, మిగిలిన కాలేయముకంటె ముందుగా వెలవెలబోవును. గట్టిపడిన కాలేయమున ఈ గుర్తు స్పష్టముగ నున్న తఱచుగా అదియే చాలును.

చికిత్సకు గడ్డ పరిమాణ మొక్కటే కాదు, మిగిలిన కాలేయపు శక్తియు చూడవలెను. శక్తియున్న కోసివేయుదురు, లేదా సూదిద్వారా వేడిమితో కాల్తురు. 1996లో మిలాను నగర వైద్యులు, గడ్డ యొక్కటైన 5 సెంటిమీటర్లు, మూడు వఱకైన ఒక్కొక్కటి 3 సెంటిమీటర్లు మించనిచో కాలేయమార్పిడి సత్ఫలితమిచ్చునని చూపిరి. మించినవారికి ధమనిద్వారా మందు పంపి రక్తము నరికట్టుదురు. వ్యాపించినచో ఆయువును పొడిగించు మందులు గలవు. కామెర్లకు పసరు వాడుచు కాలము పుచ్చువారు ఈ మేలిరకపు చికిత్సలనే పోగొట్టుకొందురు.

మా తల్లిగారికి సూదిచికిత్స జరిగి ఆఱేండ్లయినది. ఆమె యనుమతితోనే చెప్పుచున్నాను. ముందు వరుసలోనే కూర్చుండియున్నారు.

ఈ వైరసు సహపంక్తి భోజనమువలన అంటదు. దంపతులలో ఒకరికున్న, రెండవవారికి టీకా వేయించిన చాలును. శిశువునకు పుట్టిన ఇరువదినాలుగు గంటలలో వేయింపవలెను. ఆ టీకాను 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్సువారే స్వదేశమున తయారుచేసి చౌకపఱచిరి. కావున సంబంధములు చూచు పెద్దలు ఈ కారణమున పిల్లను గాని పిల్లవానిని గాని త్రోసివేయవలదని వేడుచున్నాను.

భోజనశాల ప్రక్కగదిలో రక్తపరీక్ష కేర్పాటు జరిగినది. పేర్లు వ్రాయరు, సంఖ్యమాత్రమే యిత్తురు. సాయంకాల మైదు గంటలవఱకు నేనచ్చటనే యుందును.